తలంబ్రాల దగ్గర గళ్ళు పడ్డాయి!

సినిమాలో తలంబ్రాల సీనొస్తే హాల్లో ఈలలే ఈలలు! హీరో దోసిలి ఎత్తుతాడు, హీరోయిన్ పోటీకి దిగుతుంది, కెమెరామన్‌కి పండగ. కానీ ఈమధ్య మా చిన్నాన్నగారింట్లో అదే సీను చూసి అందరం బిక్కమొహాలు వేశాం.

సంగతేమిటంటే, చిన్నాన్న కూతురి పెళ్ళి 1991లో అయింది. వీడియో తీయించారు. ఈ-180 క్యాసెట్టు, నిండా మూడు గంటలు. ఈమధ్య దాన్ని ఓ షాపులో ఇచ్చి డీవీడీ చేయించుకొచ్చారు. అంతా ఒక్క డిస్కులోనే సరిపోయిందని ఆయనకి ఒకటే సంబరం! పంతులుగారి మంత్రాలు బాగా వచ్చాయి. కన్యాదానం బావుంది. తలంబ్రాలు మొదలయ్యాయో లేదో తెరంతా గళ్ళు! పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేడు, అన్నీ చదరాలే. వాళ్ళ వెనక నిలబడి నవ్వుతూ అక్షింతలు వేస్తున్న మా నాయనమ్మ మొహం కూడా ఆ గళ్ళలో కలిసిపోయింది. ఆవిడ కదులుతూ కనిపించేది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

"పోనీ, మళ్ళీ చేయిద్దాం. క్యాసెట్టేదీ?" అన్నాను.

"డిస్కు వచ్చింది కదాని పాత సామాన్లవాడికి వేసేశాంరా" అంది పిన్ని.

ఇంకేం చెప్పను?

అసలు ఆ గళ్ళు ఎందుకు పడ్డాయి? డీవీడీలో బొమ్మని నింపే పద్ధతి పేరు ఎంపెగ్-2. మన వీడియోలో సెకనుకి 25 బొమ్మలుంటాయి కదా, అన్నిటినీ పూర్తిగా దాచాలంటే డిస్కు చాలదు. అందుకని సుమారు అర సెకనుకోసారి ఒక బొమ్మని పూర్తిగా రాసుకుని, మధ్య బొమ్మల్లో ఏది మారిందో అది మాత్రమే రాసుకుంటుంది. పంతులుగారు కదలకుండా కూర్చుని మంత్రం చదువుతుంటే మారేదేముంది, ఆయన పెదాలు తప్ప! చాలా పొదుపు. మరి తలంబ్రాలో? ప్రతి బియ్యపు గింజా ఎగురుతోంది, చేతులు కదులుతున్నాయి, పైన ఫ్లాష్ లైట్లు. అంతా మార్పే. అప్పుడు చోటు చాలక, బొమ్మని కోసిన చిన్న చిన్న చదరాలు అలాగే బయటపడతాయి. పాత క్యాసెట్టులో గిజగిజలాడే చుక్కలు కూడా మార్పు కిందే లెక్క. అవీ చోటు తింటాయి.

ఇప్పుడు చిన్న లెక్క. మామూలు డిస్కు 4.7 గిగాబైట్లు. గంట వీడియో అయితే సెకనుకి 8 మెగాబిట్లు ధారాళంగా ఇవ్వొచ్చు. రెండు గంటలైతే 5 దాకా. మూడు గంటలు కుక్కితే, శబ్దంతో కలిపి మూడున్నరకి మించదు. తలంబ్రాలకి ఆ మూడున్నర ఏ మూలకి? అందుకని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మూడు గంటల పెళ్ళికి రెండు డిస్కులు పెట్టండి. ఎన్‌కోడ్ చేసేటప్పుడు 'టూ పాస్' అనే పద్ధతి ఎంచుకోండి. మొదటి విడతలో సినిమా అంతా చూసుకుని, రెండో విడతలో మంత్రాల దగ్గర మిగిల్చి తలంబ్రాల దగ్గర ఖర్చుపెడుతుంది. ఇల్లు దిద్దుకునే ఇల్లాలి లెక్క!

డిస్కు సంగతి తర్వాత, ముందు క్యాసెట్టు చూడండి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి, అది మిషన్‌కీ, దాన్నుంచి మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. బాగున్న టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రేకు విరగ్గొట్టేయండి, ఇక దాని మీద ఎవరూ పొరపాటున కూడా రికార్డు చేయలేరు.

పసుపు వైరు బొమ్మకి, ఎర్రదీ తెల్లదీ శబ్దానికి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పిసినారితనం వద్దు. డీవీ పద్ధతిలో గంటకి సుమారు 13 గిగాబైట్లు పడుతుంది, పట్టనివ్వండి. మన పాల్ వీడియోకి 720 బై 576 కొలత. అమెరికా నుంచి బావగారు పంపిన క్యాసెట్టైతే ఎన్‌టీఎస్‌సీ, దానికి 720 బై 480. దేన్ని దానిలాగే ఉంచండి.

ఇంకో మెలిక ఉంది. వీడియోలో ప్రతి బొమ్మా రెండు సగాలుగా వస్తుంది, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. ఏ సగం ముందన్నది తారుమారైతే డోలు వాయించేవాడి చెయ్యి ముందుకీ వెనక్కీ వణుకుతుంది. కాబట్టి అయిదు నిమిషాల ముక్క ముందుగా డిస్కు చేసి, టీవీలో వేసి చూడండి. బాగుంటేనే మిగతాది చేయండి. చివర్లో 'ఫైనలైజ్' మరిచిపోతే వేరే ప్లేయర్లు డిస్కుని గుర్తుపట్టకపోవచ్చు.

సినిమావాళ్ళు ప్రింటు వచ్చిందని నెగటివ్ పారేస్తారా? మీ డిస్కు ప్రింటు, క్యాసెట్టు నెగటివ్. డిస్కులూ శాశ్వతం కావు, అందుకే మొదట ఎక్కించిన పెద్ద ఫైలు రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచండి. అలాగని తాత్సారం కూడా పనికిరాదు. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. ఇప్పుడు పనిచేసేవన్నీ ముసలి మిషన్లే.

హీరోయిన్ తలంబ్రాలు పాడైతే డైరెక్టరు "వన్ మోర్" అంటాడు. మా నాయనమ్మని ఎవరు పిలుస్తారు?

ఈ ఆదివారం మీ ఇంట్లో బీరువా పైఅర ఒకసారి వెతకండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.