ఉచిత వజ్రాల మాటున మాల్‌వేర్ వల

ఆడేది పిల్లలు.. ఖాళీ అయ్యేది పెద్దల ఖాతా

రూపాయి చెల్లించకుండానే వేల వజ్రాలు మీ ఖాతాలో చేరతాయంటూ ఊరించే సందేశాలకు ఆన్‌లైన్ ఆటల లోకంలో కొదవ లేదు. ఫ్రీ ఫైర్‌లో వజ్రాలు, బీజీఎంఐలో యూసీ, రోబ్లాక్స్‌లో రోబక్స్, ఫోర్ట్‌నైట్‌లో వీ-బక్స్.. ఆట మారితే నాణెం పేరు మారుతుందే తప్ప ఎర ఒక్కటే. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు, యూట్యూబ్ వీడియోల కింది లింకుల ద్వారా ఇది విద్యార్థుల చేతికి చేరుతోంది. అదే ఫోన్‌లో తండ్రి బ్యాంకు యాప్, తల్లి పొదుపు సంఘం సందేశాలు, పీఎం కిసాన్ సొమ్ము జమైన సమాచారం ఉంటున్నాయి. ఆట జోలికే వెళ్లని వారు నష్టపోతుండటం ఈ మోసంలోని అసలు విషాదం.

ఈ ఆటలను దింపుకొనేందుకు డబ్బు అక్కర్లేదు. పాత్రలకు తొడిగే దుస్తులు, తుపాకుల రంగులు అమ్మి సంస్థలు ఆదాయం గడిస్తున్నాయి. అవి లేకున్నా ఆట సాగుతుంది. కానీ తోటివారందరి వద్ద ఉన్నది తన వద్ద లేకపోవడం పన్నెండేళ్ల పిల్లవాడికి చిన్న విషయం కాదు. చేతిలో కార్డు లేదు, అడిగితే ఇంట్లో చీవాట్లు తప్పవు. మోసగాళ్ల ప్రకటన సరిగ్గా ఇక్కడే పనిచేస్తోంది.

లెక్క ఫోన్‌లో లేదు

ఇంత ప్రచారం జరుగుతున్నా ఒక సాంకేతిక వాస్తవం మాత్రం పిల్లలకు చేరడం లేదు. ఎవరి ఖాతాలో ఎన్ని వజ్రాలున్నాయన్న లెక్క ఫోన్‌లో ఉండదు, ఆట నిర్వహించే సంస్థ సర్వర్‌లో ఉంటుంది. తెరపై కనిపించేది దాని ప్రతిబింబమే. పాస్‌బుక్‌లో అంకె దిద్దుకుంటే బ్యాంకులో నిల్వ పెరగనట్లే, ఫోన్‌లో ఏ యాప్ వేసుకున్నా ఆ లెక్క పెరగదు. ‘డైమండ్ జనరేటర్’ పేరుతో వచ్చే యాప్‌లు, వెబ్‌సైట్లలో మంచివి, చెడ్డవి అన్న తేడా లేదు. అవి చెప్పే పని అసలు సాధ్యమే కాదు.

మరి ఎందుకు నమ్ముతున్నారు? నిజమైన బహుమతి కోడ్‌లూ ఉన్నాయి కనుక. ఫ్రీ ఫైర్ నిర్వాహక సంస్థ గరేనా అంకెలు, అక్షరాలు కలిసిన 12 లేదా 16 స్థానాల కోడ్‌లను విడుదల చేస్తుంటుంది. సంస్థ అధికారిక వెబ్‌సైట్లో నమోదు చేస్తే బహుమతి నేరుగా ఆటలోకే వస్తుంది. ఇందుకు ఎలాంటి ఫైలూ దింపుకోనవసరం లేదు. అయితే ఈ కోడ్‌లకు కాలపరిమితి ఉంటుంది. గడువు తీరిన కోడ్‌తో విసిగిన పిల్లవాడు గూగుల్‌లో మరో దారి వెతుకుతాడు. ‘నేటి కోడ్‌లు’ అంటూ రోజూ జాబితాలు ప్రచురించే వార్తా వెబ్‌సైట్లు సైతం ఈ వెతుకులాటను అలవాటుగా మార్చాయని చెప్పక తప్పదు.

నకిలీ పేజీల్లో కొన్ని ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అంటూ సర్వేలు నింపిస్తాయి, నాలుగైదు యాప్‌లు వేయిస్తాయి. ఒక్కో దానికి మోసగాడికి కమీషన్ ముడుతుంది, పిల్లవాడికి సమయం వృథా అవుతుంది. ఇంకొన్ని ఫేస్‌బుక్ లేదా గూగుల్ ఖాతాతో లాగిన్ కమ్మంటాయి. ఇక్కడ పాస్‌వర్డ్ కొడితే పోయేది ఆట ఖాతా ఒక్కటే కాదు. ఆ గూగుల్ ఖాతా తండ్రిదైతే ఆయన మెయిల్, ఫొటోలు కూడా పరుల పాలవుతాయి.

ఒక్క అనుమతితో గుల్ల

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఏపీకే ఫైలు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకేల గురించి తెలుగు రాష్ట్రాల పోలీసులు ఇప్పటికే పలుమార్లు హెచ్చరించారు. ఆటల బహుమతి పేరుతో వచ్చేదీ ఆ కోవలోనిదే. ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా నేరుగా ఫోన్‌లోకి చేరుతుంది. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను అనుమతించాలా అని ఫోన్ ఒకసారి అడుగుతుంది. వజ్రాల ఆశలో ఉన్న పిల్లవాడు ‘అనుమతించు’ నొక్కేస్తాడు.

ఆపై యాప్ అడిగే రెండు అనుమతులు కీలకం. మొదటిది ఎస్ఎంఎస్‌లు చదివేందుకు, పంపేందుకు. రెండోది యాక్సెసిబిలిటీ. చూపు మందగించిన వారికి సాయపడేందుకు ఉద్దేశించిన ఈ సదుపాయం ద్వారా యాప్ తెరపై ఉన్నదంతా చదవగలదు, యజమాని ప్రమేయం లేకుండా బటన్లు నొక్కగలదు. ఇక ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరికకు విలువేముంది? ఓటీపీని ఎవరూ అడగనే అడగరు, వచ్చిన సందేశం వచ్చినట్లే నేరగాడికి చేరిపోతుంది. యూపీఐ ఖాతాను వేరే ఫోన్‌లో తెరవాలంటే బ్యాంకుకు నమోదైన సిమ్ నుంచి ఒక సందేశం వెళ్లాలి. ఆ సందేశాన్నీ యాప్ గుట్టుగా పంపగలదు. పిన్ మార్చేందుకు అవసరమైన కార్డు వివరాలను ‘ఒక్క రూపాయి చెల్లించి ధ్రువీకరించుకోండి’ అనే నకిలీ పేజీ ముందే రాబట్టుకుంటుంది. చాలా యాప్‌లు పని మొదలయ్యాక తెరపై తమ గుర్తును దాచేస్తాయి. బహుమతి రాలేదని పిల్లవాడు, అసలేదీ తెలియక పెద్దవాళ్లు ఊరుకుంటారు.

నిషేధాలు నేర్పిన దారి

తెలియని చోటి నుంచి ఫైలు దింపుకొనే అలవాటు ఒక్కరోజులో రాలేదు. కొవిడ్ వేళ 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో డిజిటల్ తరగతులు ప్రారంభం కాగా, మరుసటి రోజే కేంద్రం పబ్‌జీ సహా 118 యాప్‌లను నిషేధించింది. చదువు కోసం ఫోన్ చేతికి వచ్చిన నాటికే ఇష్టమైన ఆట దుకాణం నుంచి మాయమైంది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించారు, దాని మరో రూపమైన ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం కొనసాగింది. అదే ఏడాది జూలైలో బీజీఎంఐని స్టోర్ల నుంచి తొలగించారు, 2023 మే నెలలో అది తిరిగివచ్చింది. ‘ఫ్రీ ఫైర్ ఇండియా’ 2023 సెప్టెంబరు 5న వస్తుందని ప్రకటించి వాయిదా వేశారు. ఇంకా విడుదలే కాని ఆట పేరుతో ఆ రోజుల్లో ఫైలు ఇచ్చినవారు ఎవరైనా వారు సంస్థకు చెందినవారు కారన్నది స్పష్టం. భద్రత దృష్ట్యా తీసుకున్న నిర్ణయాలను ఇక్కడ తప్పుపట్టడం లేదు. కానీ ఆటపై ఆసక్తి తగ్గించకుండా దుకాణం మాత్రమే మూస్తే పిల్లలు దొడ్డిదారి వెతుక్కుంటారని గుర్తించి ఉండాల్సింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలపై గురిపెట్టింది. ఉచిత ఆట చుట్టూ అల్లుకున్న ఈ మోసం దాని పరిధిలోకి రాదు, ఇది పోలీసులు, బ్యాంకులు చూడాల్సిన నేరం.

కంప్యూటర్‌పై ఆడేవారి పరిస్థితీ భిన్నంగా లేదు. ఆటలో గెలిపించే చీట్‌లు, క్రాక్‌లంటూ వచ్చే వీడియోల ద్వారా రెడ్‌లైన్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ వ్యాపిస్తోందని 2022లో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. బాధితుల యూట్యూబ్ ఖాతాల నుంచే అవే వీడియోలు మళ్లీ పెట్టించడం దాని ప్రత్యేకత. ఈ తరహా సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ గుర్తులైన కుకీలనూ ఎత్తుకెళుతుంది. లుమ్మా అనే మరో దాని బారిన 2025లో రెండు నెలల వ్యవధిలోనే 3.94 లక్షలకు పైగా కంప్యూటర్లు పడ్డాయని మైక్రోసాఫ్ట్ వెల్లడించింది. అధికారిక దుకాణమైనా పూర్తి భరోసా ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో స్టీమ్ వేదికపైనే పైరేట్‌ఫై అనే ఉచిత ఆటలో మాల్‌వేర్ దొరికింది.

గంటలే కీలకం

ఖాతాలో సొమ్ము కదిలిందని తెలిసిన వెంటనే ఫోన్‌లో డేటా ఆపేసి, వేరే ఫోన్ నుంచి 1930కు, బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. సొమ్ము ఇతర ఖాతాలకు మళ్లేలోపు నిలిపివేసే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. లింకు, సందేశం స్క్రీన్‌షాట్లు భద్రపరిచి, ఫిర్యాదు నమోదయ్యాకే ఫోన్‌ను రీసెట్ చేయించడం మేలు. దెబ్బలకు భయపడి పిల్లవాడు రెండు రోజులు దాచిపెడితే ఆ సొమ్ము రాబట్టడం పోలీసులకూ కష్టమే.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఉత్తర్వు ఈ విషయంలో కీలకమైంది. వివరాలు స్వయంగా పంచుకోవడం వంటి నిర్లక్ష్యం ఉంటే ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుడిదేనని, ఆ తర్వాత జరిగేది బ్యాంకుదేనని అందులో పేర్కొంది. ఖాతాదారుడి బాధ్యతను నిరూపించే భారం బ్యాంకుపైనే ఉంటుందనీ అదే ఉత్తర్వులో ఉంది. అందుకే శాఖలో ఫిర్యాదు ఇచ్చినవారు సమయం, తేదీ వేసిన రశీదు తప్పక తీసుకోవాలి.