కోడల్ని నిలదీయకండి

నా ఈడు ఆడవాళ్లకు, ముఖ్యంగా కోడలి పురుడు కోసం ఎదురుచూస్తున్న అత్తగార్లకు ఈ విజ్ఞప్తి.

నా మనవరాలికి డౌన్ సిండ్రోమ్. పుట్టిన నాలుగో రోజున పిల్లల డాక్టరు దాని కళ్ల తీరు, అరచేతిలో అడ్డంగా ఉన్న ఒకే గీత, దూదిలా మెత్తగా వాలిపోతున్న ఒళ్లు చూసి, రక్తం తీయించి క్రోమోజోముల లెక్క చూసే కారియోటైపింగ్ పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాలన్నీ నేను బాలింతరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆరాలు తీశాను. గ్రహణం నాడు బయటికి వచ్చావా? బొప్పాయి తిన్నావా? మీవాళ్లలో ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ పిల్ల కొన్నింటికి జవాబు చెప్పేది, కొన్నింటికి ఏడ్చేది. అప్పటికి నా కోడలికి 24 ఏళ్లు. ఆ మాటలు వెనక్కి తీసుకునే దారి నాకు లేదు. మీరు ఇంకా అనలేదు కనుక, అనకుండా ఉండే దారి మీకు ఉంది.

రిపోర్టు వచ్చాక జెనెటిక్స్ డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీసి చెప్పింది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములుంటాయి. అవి 23 జతలు, ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ లెక్క శాస్త్రవేత్తలకే 1956 దాకా సరిగ్గా తెలియదు, 48 అనుకునేవారు. 1959లో పారిస్‌లో జెరోమ్ లెజూన్ బృందం డౌన్ పిల్లల కణాల్లో 47 ఉన్నాయని ప్రకటించింది. ఆ కణాలను ల్యాబులో పెంచి చూపింది మార్త్ గోతియే అనే డాక్టరమ్మ. అదనంగా ఉన్నది 21వ జతలో మూడోది.

అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే అండాలన్నీ తయారైపోతాయి. వాటిలో క్రోమోజోముల జతలు విడిపోయే పని సగంలో ఆగి, ఏళ్ల తరబడి అలాగే ఉండి, అండం విడుదలయ్యే నెలలో మళ్లీ కదులుతుంది. అప్పుడు 21వ జత విడిపోకుండా రెండూ ఒకే అండంలో ఉండిపోతే, తండ్రిది కలిసి మూడవుతాయి. కొద్దిమందిలో ఈ పొరపాటు తండ్రి వీర్యకణంలోనే జరుగుతుంది. ఎటు చూసినా, మామూలుగా కడుపు పడే వేళకే ఆ లెక్క తేలిపోయి ఉంటుంది. ఇక మూడో నెలలో తిన్న బొప్పాయికి, ఐదో నెలలో వచ్చిన గ్రహణానికి దీంతో ఏం పని?

తల్లి వయసుతో అవకాశం పెరిగే మాట నిజమే. 25 ఏళ్లకు సుమారు 1,200 కాన్పుల్లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి. అయినా చిన్న వయసు తల్లులకూ పుడతారు, నా కోడలే సాక్ష్యం. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లోనూ దాదాపు సగానికి క్రోమోజోముల లెక్క తప్పడమే కారణం. కడుపు నిలవలేదని కోడల్ని ఆడిపోసుకునేవాళ్లు ఈ మాట కూడా వినాలి.

నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం ఆ అదనపు ముక్క వేరే క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి నుంచో తండ్రి నుంచో అది రావచ్చు. అందుకే బిడ్డకు కారియోటైపింగ్ తప్పక చేయించండి. అలాంటిదని తేలితే రెండో కాన్పుకు ముందే భార్యాభర్తలిద్దరికీ చేయించండి. కోడలొక్కదాన్నే పంపకండి.

ఆరాలు తీసే ఓపికను బిడ్డ మీద పెట్టండి. ఈ పిల్లల్లో దాదాపు సగంమందికి గుండెలో లోపం ఉంటుంది, పైకి కనిపించదు. పుట్టిన తొలి రోజుల్లోనే 2డీ ఎకో తీయించండి. థైరాయిడ్, చెవులు, కళ్లు కూడా చూపించండి. మెడ నిలపడానికి, కూర్చోవడానికి ఫిజియోథెరపీ, తర్వాత స్పీచ్ థెరపీ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. జిల్లా ఆసుపత్రిలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రం ఉందేమో మీ ఆశా కార్యకర్తను అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది. వైకల్య ధ్రువీకరణ పత్రం తీసుకోవడానికి నామోషీ పడకండి. పింఛనుకూ రాయితీలకూ అదే ఆధారం.

మా వీధిలో నా మనవరాలిని ‘పిచ్చిపిల్ల’ అన్నవాళ్లున్నారు. దానికి పేరుంది, పేరు పెట్టి పిలవండి. ఆ పేరు పెట్టడానికి కూడా మేం ఆలస్యం చేశాం. ఇరవయ్యొకటో రోజున జరగాల్సిన బారసాల నలుగురూ ఏమంటారోనని మానేశాను. ఉయ్యాల అటక మీదే ఉండిపోయింది. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ పుడితే బారసాల ఆపకండి. చుట్టాలను పిలవండి. పిలుపు అందినవాళ్లు తప్పకుండా వెళ్లండి. వెళ్లి ముందు తల్లి పక్కన కూర్చుని, అన్నం తిన్నావా అని అడగండి.