అట్ట విప్పండి మహాప్రభో!

బొమ్మకారు కొని, అట్ట విప్పకుండా బీరువాలో దాచిపెట్టే పెద్దమనుషుల మీద నాకు ఈమధ్య చెడ్డ కోపంగా ఉంది. ఆ పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి గనక ఎవరికీ జడవకుండా రాస్తున్నాను.

గుమ్మడిదలలో మా ఇంటి బీరువా తెరిస్తే ఒకటే కారు పదకొండు రంగుల్లో కనిపిస్తుంది. ఎరుపు, దానికన్నా రవంత ముదురు ఎరుపు, పసుపు, నీలం, మెరిసే నీలం, ఇలాగ. "ఒక్కటే చీర పదకొండు రంగుల్ల నేను కొంటె ఊకుంటరా?" అని మా ఆవిడ నిలదీసింది. "అది వేరు, ఇది వేరు" అన్నాను. ఎలా వేరో నాకింతవరకు తేలలేదు.

ఈ రంగుల మర్మం బ్రహ్మవిద్యేం కాదు. కరిగిన జింకు మిశ్రమాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడితే కారు ఒళ్లు తయారవుతుంది. మా పటాన్‌చెరు, బొల్లారం వైపు షెడ్లలో చెయ్యి కాల్చుకున్నవాళ్లకి ఇలాంటి పనులు కొత్త కాదు. అచ్చు చేయించడానికి బోలెడు ఖర్చు, రంగు మార్చడానికి స్వల్పం. పాత అచ్చుతోనే కొత్త సరుకు అమ్మాలంటే రంగు మార్చడమే దగ్గరిదారి. 1960ల చివర్లో ఇంగ్లండు డింకీ కార్ల అచ్చులు కొన్ని కలకత్తా చేరి 'నిక్కీ' పేరుతో మళ్లీ పుట్టాయి. ఆ తర్వాత లియో మాటెల్ వారు మన దేశంలో చేసిన హాట్ వీల్స్ కార్లలో కొన్నిటికి బయట దేశాల్లో లేని రంగులు పడ్డాయి. ఇప్పుడు వాటికోసం విదేశాలవాళ్లు వెతుక్కుంటున్నారు. ఇంతవరకు నాకు పేచీ లేదు. రంగు చూసి మురవడం తప్పయితే ముందు గాజుల కొట్లన్నీ మూయించాలి.

నా పేచీ అల్లా అట్టతోనే. "విప్పితే విలువ పోతుంది" అనే వేదవాక్యంతోనే.

అసలీ చిన్నకార్ల పుట్టుక సంగతి చూడండి. లండన్లో లెస్నీ కంపెనీ జాక్ ఓడెల్‌గారి కూతురు చదివే బళ్లో ఒక నియమం ఉండేదిట. అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మయితేనే బడికి తేవాలని. తండ్రి ఇంత రోడ్డు రోలరు చేసి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆ ఆలోచనే 1953లో 'మ్యాచ్‌బాక్స్' పేరుతో బజారుకెక్కింది. గమనించారా? పెట్టె పుట్టింది బొమ్మ పిల్ల వెంట బడికి పోవడానికి. దాన్ని మనం జైలుగా మార్చాం.

ఇంకో విడ్డూరం. 1969లో హాట్ వీల్స్ వారు ఒక వోక్స్‌వాగన్ వ్యాను నమూనా చేశారు. వెనక కిటికీలోంచి సముద్రపు అలల మీద తేలే చెక్కలు పొడుచుకొచ్చేట్టు పెట్టారు. బండి మరీ సన్నగా ఉండి, కార్లని తోసే యంత్రంలో సరిగా పరుగెత్తలేదు. దాన్ని పక్కన పడేసి, వెడల్పు చేసి మళ్లీ చేశారు. ఆ పరుగెత్తని నమూనాల్లో గులాబిరంగుది ఇవాళ హాట్ వీల్స్ లోకంలో మహా ఖరీదైన సరుకు! నడిచే బండికి రూపాయలు, నడవని బండికి లక్షలు. ఇదెక్కడి లెక్కయ్యా?

1995 నుంచి కంపెనీవారే కొన్ని అరుదైన కార్లని మామూలు వాటిలో కలిపి పంపడం మొదలెట్టారు. దాంతో దుకాణం తలుపు తియ్యగానే దూరి, మంచివన్నీ ఏరుకుని, రెట్టింపు ధరకి అమ్ముకునే మహానుభావులు తయారయ్యారు. సాయంత్రం నాన్న వేలు పట్టుకొచ్చిన పిల్లాడికి తాలు మిగులుతోంది.

"మేం చరిత్రని కాపాడుతున్నాం" అంటారు కొందరు. మంచిదే. సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ బొమ్మలున్నాయి. కానీ 1951లో ఆ తలుపులు జనానికి తెరిచారు. మన బీరువా తాళంచెవి మన మొలతాడుకే ఉంటుంది. ఊరికొక మ్యూజియం చాలు, ఇంటికొకటి అక్కర్లేదు.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. పోయిన వేసవిలో మా అమ్మాయి కొడుకు వచ్చాడు. బీరువా ముందు నిలబడి, "జర ఇప్పరాదు తాతా, ఒక్కసారి నడిపిచ్చి ఇస్త" అన్నాడు. "చూడు, ముట్టుకోకు" అన్నాను. వాడు ఏడవలేదు, అలగలేదు. పక్కింటి పిల్లల్తో చేరి హవాయి చెప్పులు గుండ్రంగా కోసి, పుల్లలు గుచ్చి, అట్టముక్క బిగించి బండి చేసుకున్నాడు. సాయంత్రం నాకు చూపించి, "ముందటి నీలం చక్రాలు నీ చెప్పులయి, ఎనకటి పచ్చయి అమ్మమ్మయి" అన్నాడు. నా చెప్పులు అంత పాతవేం కావు. అయినా నోరు లేవలేదు. నా పదకొండు రంగుల్లో ఒక్కటీ ఎవరిదీ కాదు. వాడి రెండు రంగులకీ మనుషులున్నారు.

ఆ రాత్రి బ్లేడు తీసుకుని ఎర్రకారు అట్ట కోశాను. చెయ్యి వణికిన మాట నిజం. పొద్దున్న వాడికిస్తే, మధ్యాహ్నానికల్లా అరుగు మీంచి నాలుగుసార్లు దూకించాడు. బంపరు దగ్గర ఎరుపు లేచిపోయి లోపలి లోహం మెరుస్తోంది. ఏ కేటలాగులోనూ లేని పన్నెండో రంగు అది.

మిగతా పదీ ఇంకా బీరువాలోనే ఉన్నాయి. పిచ్చి ఒక్కరోజులో వదులుతుందిటండీ? ఈసారి సెలవులకి చిన్న మనవడు కూడా వస్తున్నాడు. బ్లేడు చేతికందేచోటే పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి.