పెనుగంచిప్రోలు రాయని కథ

తెలుగు భాషా దినోత్సవం, ఆగస్టు 29 వచ్చిందంటే గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ పడుతుంది. ఆ వేదికల మీద తప్పక వినపడే మాట ఒకటుంది: మన తెలుగు తూర్పు దేశపు ఇటాలియన్ అని. అజంత భాష అని మురిసిపోవడమే గానీ, ఆ ఇటలీ వాళ్లు తమ ఊరి మాటల్ని ఏం చేసుకున్నారో చెప్పేవాళ్లు తక్కువ. ఈసారి జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో నిలబడి ఆ సంగతి తలుచుకుందాం.

ఇటలీ ఒక రాజ్యంగా కుదిరింది 1861లో. అంతకు ఇరవై ఏళ్ల ముందే మిలాను రచయిత మంజోనీ తన పెద్ద నవలను ఫ్లారెన్సు పలుకుబడిలోకి తిరగరాసి మళ్లీ అచ్చు వేయించాడు. దేశానికి ఒక భాష కావాలంటే తన ఊరి మాట వదులుకోక తప్పదనుకున్నాడు. దేశం వచ్చాక కథ అడ్డం తిరిగింది. 1881లో సిసిలీ వాడు వెర్గా జాలరి కుటుంబం మీద నవల రాశాడు. భాష ఇటాలియనే, నడక మాత్రం సిసిలీ రేవుది. అప్పట్లో దాన్ని ఆదరించిన వాళ్లు కొద్దిమందే. సార్డీనియా దీవిలోని నువోరోలో పుట్టి, చిన్నప్పుడే బడి మానేసిన గ్రాజియా దెలెద్దా పెళ్లయి రోముకు కాపురం వెళ్లారు. అక్కడ కూర్చుని కూడా ఎక్కువగా ఆ దీవి మనుషుల్నే రాశారు. 1926 సాహిత్య నోబెల్ ఆమెది.

దెలెద్దా పుట్టింది 1871లో. మూడేళ్లకు, 1874లో, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో భండారు అచ్చమాంబ పుట్టారు. ఈమె అసలు బడి మొహమే చూడలేదు. తమ్ముడి పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నారు. ఈమె కూడా కాపురానికి దూరదేశం వెళ్లారు. గురజాడ ‘దిద్దుబాటు’కు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, ‘ధనత్రయోదశి’ రాశారు. అంటే తెలుగు తొలి కథ ఎవరిదన్న తగువు నందిగామ తాలూకా దాకా వచ్చింది. ఆ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టాయంటే వెనక ఆయన ఉన్నారు. ఆ మండలి చరిత్ర పుస్తకాలు వేసింది, చారిత్రక నవలలకు పోటీలు పెట్టింది. ఆంధ్రులు ఒక జాతి అని తమను తాము చదువుకున్నది ఇలాంటి పుస్తకాల్లోనే.

అయితే అక్కాతమ్ముళ్ల కలం ఎటు తిరిగిందో చూడండి. అక్క పెద్ద పుస్తకం ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ దేశం నలుమూలల స్త్రీల జీవితాలు. తమ్ముడు శివాజీ చరిత్ర రాశారు, విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. దేశం రాశారు, జాతి రాశారు. మునేరు మిగిలిపోయింది. తప్పు పట్టడానికి కాదు ఈ మాట. లేని దేశాన్ని ముందు కట్టుకోవాలి, ఊరి సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్న తరం అది. పైగా అచ్చమాంబ 1905లోనే, ముప్ఫయి దాటీ దాటకుండా పోయారు.

ఆ ‘తర్వాత’ మిగతా సీమలకు వచ్చింది. ఉన్నవ ‘మాలపల్లి’తో గుంటూరు సీమ పల్లె నవలకెక్కింది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో తెలంగాణ గడి మాట్లాడింది. కారా ‘యజ్ఞం’ శ్రీకాకుళాన్ని తెచ్చింది. నామిని రాసేదాకా చిత్తూరు మాట పుస్తకంలో ఇంత రుచిగా ఉంటుందని మనకు తెలియదు. మన మెట్టకు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. పత్రికలూ రేడియో సినిమా కలిసి కృష్ణా జిల్లా తెలుగే ప్రామాణికమని తేల్చాయి. ఏ కృష్ణా? కాలవ నీళ్ల కృష్ణా, గుడివాడ కృష్ణా. అదే జిల్లాలో పత్తీ మిరపా పండించే వాళ్లు ‘ఏంది’ అంటే పంతులు ‘ఏమిటి’ అని దిద్దాడు. శ్రీకాకుళం వాడికి తన యాస వేరని చెప్పుకునే వీలుంది. మనకు ఆ వీలూ లేదు. 2022 దాకా జిల్లా పేరు మనదే, భాష పక్కవాళ్లది.

మొన్న వేసవిలో వత్సవాయి దాపున ఒక మిరప కల్లంలో ఆగాం. నలుగురు ఆడవాళ్లు తలకు గుడ్డ చుట్టుకుని కాయలు ఏరుతున్నారు. ఎర్రవి ఒక పక్కకి, తెల్లబడ్డ తాలు ఇంకో పక్కకి. ఘాటుకి మాకు తుమ్ములు ఆగడం లేదు. ‘ఏందయ్యా రాసుకుంటన్నవ్, తాలు ఏరతన్నం, అంతే’ అని నవ్విందొకామె. ఆ ఒక్క మాటలో సగం ఖమ్మం, సగం గుంటూరు. మా పత్రిక డెస్కు మీదికి వస్తే అది ‘ఏం రాసుకుంటున్నావు, తాలు ఏరుతున్నాం’ అయిపోయేది. ఇన్నేళ్లుగా మేమూ తాలే ఏరుతున్నామన్నమాట!

ఈ నేల కథకు తక్కువైంది కాదు. చుట్టూ నైజాం, మధ్యలో బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా ఉండేది. అది నందిగామ తాలూకాకు ఒక లంక లాంటిది. కొమర్రాజు దివానుగా ఉన్నది అక్కడే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అది నల్లగొండలో కలిసింది. 2014లో రాష్ట్రమే వేరైంది. 2022లో నందిగామ, జగ్గయ్యపేట కృష్ణా జిల్లాను వదిలి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఉన్నచోటు కదలని మనిషికి ఇన్ని చిరునామాలు మారితే అంతకన్నా నవల ఏం కావాలి? గరికపాడు చెక్‌పోస్టుకు అటూ ఇటూ వియ్యాలు అందుకునే ఇళ్లు, ముక్త్యాల రాజా కోరి కొట్లాడిన సాగర్ ప్రాజెక్టు, ఎడమ కాలవ చివర నీటి కోసం కాసుకున్న రాత్రులు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడ్డ చేలు. వేటి మీదా మాకు పదిమందీ చెప్పుకునే నవల కనపడలేదు.

కాబట్టి ఈ భాషా దినోత్సవానికి మాదొక మనవి. మెట్ట ఊళ్ల నుంచి కథలు రాసి పంపండి. అమ్మమ్మ ఎలా అన్నదో అలాగే రాయండి. బాగున్నవి వేస్తాం, బాగాలేనివి తిప్పి పంపుతాం. ‘ఏంది’ని మాత్రం ‘ఏమిటి’ చేయం.