గాలివానకు ఎదురేగువారు

గాలివాన వచ్చుచున్నదని తెలిసినపుడు పశువులను కొట్టములో కట్టి, ఎండబోసిన ధాన్యమును లోపల చేర్చి, తలుపులు బిగించుకొని కూర్చుండుట లోకమర్యాద. అమెరికా దేశపు పడమటి మైదానములయందు దీనికి విరుద్ధముగా నడచువారు కొందఱు కలరు. ఎక్కడ మేఘము నల్లబడునో, ఎక్కడ గాలి సుడి తిరుగునో అక్కడికే వారు తమ కార్లను తోలుకొని పోవుదురు. వీరిని ఆ దేశమున స్టార్మ్ చేజర్లందురు. మనము గాలివాన వేటగాండ్రు అనవచ్చును. వీరి సాహసములను చలనచిత్రములలోను చేతిఫోనులలోను చూచి మన విద్యార్థులు ముచ్చటపడుచున్నారు. పెద్దలు కొందఱు ఆ మాట విని, ఆపదను వెదకికొని పోవుట దేవుని శోధించుటయే యనుచున్నారు. ఈ రెండు తలంపులును మాకు సమ్మతములు కావు. మా కారణములు చెప్పుటకు ముందు ఆ ప్రాంతపు నేలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఏలయన ఈ వేటగాండ్ర మంచిచెడ్డలు ఆ నేలనుబట్టియే తేలవలెనని మా యభిప్రాయము.

మొదట ఒక భేదమును గుర్తింపవలయును. మన తీరవాసు లెఱిగిన తుపాను సముద్రముమీద పుట్టి, వందలకొలది మైళ్ల వెడల్పున, దినములకొలది నడచి వచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది అట్టిది. మేము చెప్పబోవు టొర్నాడో వేఱు. అది మేఘమునకును నేలకును నడుమ నిలిచి తిరుగు గాలిసుడి. దాని వెడల్పు పలుమారు ఒక పెద్ద పొలమంతయైన నుండదు. ఆయువు తఱచుగా కొన్ని నిమిషములే. దాని రాకను రెండు దినములు ముందుగా చాటించి ఊళ్లు ఖాళీ చేయించుట సాధ్యము కాదు.

కొలరాడో రాష్ట్రమున రాకీ పర్వతములకు తూర్పుగానున్న గడ్డిమైదానము చూచుటకు బల్లపరుపుగా నున్నను, నిజమునకు పడమటికి పోయినకొలది ఎత్తగుచుండును. పర్వతముల పాదముననున్న డెన్వరు నగరము 5,280 అడుగుల యెత్తున, అనగా సరిగా ఒక మైలు ఎత్తున నున్నది. ఆ నగరమునకును దానికి దక్షిణముననున్న కొలరాడో స్ప్రింగ్సు నగరమునకును నడుమ, పర్వతములు తూర్పునకు చేయి చాచినట్లు ఒక మిట్ట కలదు. దానిని పామర్ డివైడు అందురు. దాని ఉత్తరపు వాలున పడిన వాన సౌత్ ప్లాటు నదిని చేరును. దక్షిణపు వాలున పడినది ఆర్కన్సా నదిని చేరును. ఉత్తరమున వయోమింగు సరిహద్దు చెంత షయాన్ రిడ్జి యను మఱియొక మిట్ట కలదు. కారులో పోవువాడు ఈ మిట్టలను గమనింపనైన గమనింపడు. గాలి గమనించును.

మే, జూన్ మాసములలో మెక్సికో సింధుశాఖ తడిని మోసికొని ఆగ్నేయమునుండి వచ్చు గాలి ఈ మిట్ట నెక్కి ఆవలివాలున దిగునపుడు దాని దారి వంగును. పర్వతపాదముల వెంట ఉత్తరమునుండి వచ్చు గాలి దానికి తోడగును. ఇట్లు కొన్ని దినములలో డెన్వరు పరిసరములందు గాలి గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా పెద్ద చుట్టు తిరుగును. ఆ చుట్టునకు తూర్పువైపున, ఇంచుమించు ఉత్తరదక్షిణములుగా, రెండు గాలులు ఎదురెదురుగా వచ్చి తాకు గీత యొకటి పలు మైళ్ల పొడవున నేర్పడును. 1981 జూన్ 3న డెన్వరు ప్రాంతమున టొర్నాడోలు దిగిన పిదప శాస్త్రజ్ఞులు ఈ విషయమును తఱచి చూచిరి. ఆ గీతకు డెన్వరు కన్వర్జెన్సు వర్టిసిటీ జోను అని పేరు నిలిచినది. గాలులు కలిసి సుళ్లు తిరుగు పట్టె యని దాని భావము.

రెండువైపులనుండి త్రోసికొని వచ్చిన గాలికి పైకి పోవుట తప్ప వేఱు దారి లేదు. కావుననే ఆ గీతమీద మధ్యాహ్నమునకు దూదిమేఘములు వరుసదీరి లేచును. ఆ గీత పొడవున నేలను అంటుకొని చిన్నచిన్న సుళ్లు పుట్టుచుండును. కృష్ణ వంతెనమీద నిలిచి స్తంభముల వెనుక ఏటినీరు సుళ్లు తిరుగుట చూచినవారికి ఇది వింత కాదు. అట్టి సుడికి సరిగా పైన ఒక మేఘము బలముగా పెరిగెనా, అది సుడిని పైకి పీల్చి సాగదీయును. సాగిన సుడి సన్నబడును. సన్నబడినకొలది వేగము హెచ్చును. ఒప్పులకుప్ప తిరుగు బాలికలు చేతులు ముడిచి దగ్గఱకు జరిగినచో ఎంత విసురుగా తిరుగుదురో మన పాఠశాల ఆవరణములోనే చూడవచ్చును. ఇట్లు పుట్టిన టొర్నాడోకు 1985లో హోవర్డు బ్లూస్టీన్ అను శాస్త్రజ్ఞుడు ల్యాండుస్పౌటు అని పేరు పెట్టెను. ఇవి తఱచుగా బలహీనములే. అయినను 1988 జూన్ 15న డెన్వరు నగరములోనికే యట్టివి దిగినవి.

ఇక మా వాదమునకు వత్తుము. మహామేఘముల నుండి పుట్టు పెద్ద టొర్నాడోలకు ముందుగా ఆకాశమున మేఘమే తిరుగుట రాడారు యంత్రమునకు కానవచ్చును. హెచ్చరికకు కొంత వ్యవధి దొరకును. ల్యాండుస్పౌటు విషయమున అట్లు కాదు. అది నేలనుండి పుట్టి పైకి పోవును. వాన పడకమునుపే, మేఘము చిన్నదిగా నుండగనే పుట్టవచ్చును. భూమి గుండ్రనిది గనుక రాడారు కిరణము దూరము పోయినకొలది నేలకు పైపైగా పోవును. క్రింద జరుగుచున్నది దానికి కనబడదు. దానిని చూడవలసినది మనుష్యుని కన్ను. మొదటి గుర్తు పొలములో లేచు ధూళి. మన మెట్టభూములలో మండువేసవిని లేచు సుడిగాలిని ఎఱిగినవారు దానిని చూచి ఇంతేగదా యని యూరకుందురు. తల యెత్తి చూడవలెను. పైన నిర్మలాకాశమున్నచో అది మన యెఱిగిన సుడిగాలియే. పైన పెరుగుచున్న మేఘపు నల్లని అడుగుభాగమున్నచో అది వేఱు.

ఈ భేదము తెలిసి, ఆ గీత యెక్కడ నున్నదో తెలిసి, దానికి తగిన దూరమున నిలిచి, చూచినదానిని వెంటనే వాతావరణ కార్యాలయమునకు తెలుపువాడు దేవుని శోధించుచున్నాడని మేము ఒప్పుకొనము. కోటగోడమీద కావలియున్నవానిని ఎవ్వరు నట్లనరు. అతడు అచట లేనిచో నాలుగుమైళ్ల ఆవలనున్న రైతు ఇంటివారు నేలమాళిగలోనికి దిగవలెనని చెప్పువారెవరు? కొలరాడోలోని వెల్డు జిల్లాలో ఆ దేశమున మఱి యే జిల్లాలోను లేనన్ని టొర్నాడోలు నమోదైయున్నవి. అచటివారికి ఈ ప్రశ్న కేవలము వాదమునకై వేసినది కాదు.

నిజమైన వేటగాని దినము ఎట్లుండునో తెలిసినచో మన బాలురకు ముచ్చట కొంత తగ్గుననుకొందుము. ఉదయముననే అతడు ఊరూర గాలి యెటు వీచుచున్నదో, అందు తడి యెంత గలదో లెక్కలు చూచుకొనును. మధ్యాహ్నమునకు డెన్వరుకు తూర్పున బయర్సు, లైమను వంటి చిన్న ఊళ్ల చెంత కారు నిలిపి ఎండలో కూర్చుండును. ఆ ప్రాంతమున లాస్ట్ చాన్సు అను పల్లె యొకటి కలదు. చివరి యవకాశమని దాని పేరున కర్థము. వేటగాండ్రకు ఇంతకంటె తగిన మజిలీ దొరకదు. అనేక దినములలో పైనున్న వెచ్చని గాలిపొర మూతవలె నిలిచి మేఘమును పెరుగనియ్యదు. సాయంకాలము నీలాకాశమును చూచుచు ఇంటికి తిరిగి పోవలసినదే. పెట్రోలు ఖర్చు మిగులును. మేఘము లేచిన దినమున సయితము మట్టిదారులు తడిసి, మన నల్లరేగడి దారులవలె చక్రములను పట్టివేయును. కావున ముందుగా తిరిగి పోవుదారిని చూచుకొననివాడు వేటగాడు కాడు.

లెక్కలు వచ్చినంతమాత్రమున చాలునని యనుకొనరాదు. సామాన్యముగా టొర్నాడోలు అపరాహ్ణమున పుట్టి ఈశాన్యమునకు పోవును. 2008 మే 22న వెల్డు జిల్లాలోని విండ్సరు పట్టణమును కొట్టినది మధ్యాహ్నము కాకమునుపే వచ్చి వాయవ్యమునకు సాగిపోయెను. ఒకరు మరణించిరి. వాడుకను నమ్మి సాయంకాలమునకై వేచియున్నవారికి అది కనబడనే లేదు.

ఈ వేటవలన లోకమునకు కలిగిన లాభము కొలది కాదు. 2009 జూన్ 5న వయోమింగు రాష్ట్రమున లాగ్రాంజి యను పల్లె చెంత వర్టెక్సు-2 అను పరిశోధక బృందము వారు ఒక టొర్నాడోను అది పుట్టుటకు ముందునుండి అణగిపోవువఱకు యంత్రములతో చుట్టుముట్టి చూచిరి. కొలరాడో వాసియైన టిమ్ సమారాసు అను ఇంజనీరు తాను చేసిన కొలతయంత్రమును టొర్నాడో దారిలో పెట్టి తప్పుకొనెడివాడు. 2003 జూన్ 24న దక్షిణ డకోటాలోని మాంచెస్టరు అను పల్లెలో అట్టి యంత్రముమీదుగా టొర్నాడో పోగా, గాలియొత్తిడి 100 మిల్లీబారులు పడిపోయినట్లు అది వ్రాసికొనెను.

ఆ సమారాసే, తన కుమారుడు పాల్‌తోను సహచరుడు కార్ల్ యంగుతోను, 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో చెంత టొర్నాడోలో చిక్కి మరణించెను. దాని వెడల్పు 2.6 మైళ్లు. అది త్వరత్వరగా వెడల్పై, దారి మార్చి వారిమీదికి వచ్చెను. జాగ్రత్తకు పేరుపొందినవాని గతి ఇట్లయినపుడు, ఏమియు తెలియక చిత్రములకై పరుగెత్తువారి మాట చెప్పనేల? వీరివిషయమున మేము పెద్దల పక్షమే వహింతుము. పల్లెదారులలో కార్లు వరుసగట్టి నిలిచినచో ఆపన్నులకై పోవు వాహనములకు త్రోవ యుండదు. వారు చూచినదానిని కార్యాలయమునకు తెలుపకమునుపే లోకమునకు ప్రదర్శింపవలెనని తొందరపడుదురు. మన తీరమునను తుపాను దినమున అలలను చిత్రించుటకు ఒడ్డునకు పోవువారు కలరు. వారు ఎవరికిని ఏ వార్తయు తేరు. వారిని వెదకుటకు పోలీసువారును పల్లెకారులును నీటిలో దిగవలసి వచ్చును.

అందుచేత ఈ వేటను చట్టముచే మాన్పింపవలెనను మాటను మేము అంగీకరింపము. చదువు లేక, వార్త తెలుపు బాధ్యత లేక పోవువారిని మెచ్చుకొనుటయు మాకు సమ్మతము కాదు. అయినను ఒక సంగతిని దాచిపెట్టుట న్యాయము కాదు. వేటగాండ్రలో గాలిచేత చచ్చినవారికంటె దారిమీద చచ్చినవారిని గూర్చియే మాకు దిగులు. 2017 మార్చి 28న టెక్సాసులోని స్పరు పట్టణము చెంత ఇద్దఱు వేటగాండ్రున్న వాహనము నాలుగుదారుల కూడలిలో ఆగక పోయి మఱియొక వేటగాని కారును కొట్టగా ముగ్గురును మరణించిరి. 2022 ఏప్రిల్ 29న ఓక్లహోమా విశ్వవిద్యాలయమున వాతావరణశాస్త్రము చదువుచున్న ముగ్గురు విద్యార్థులు కాన్సాసులో టొర్నాడోను చూచి తిరిగివచ్చుచుండిరి. రాత్రివేళ, తడిసిన రహదారిపై వారి కారు జాఱెను. వెనుక వచ్చుచున్న పెద్ద లారీ దానిని కొట్టెను. వారు చదువు లేనివారు కారు. గాలివాన వెనుకబడిపోయినది, వారు ఇంటిదారి పట్టియుండిరి. పైన మేము వ్రాసిన వాదమంతయు ఆ విద్యార్థుల తల్లిదండ్రులయెదుట చదువుమన్నచో మాకు నోరు రాదు.