కంచం ముందు ఫోన్ వద్దు! పక్కవాళ్ల కంచం మీద తీర్పు వద్దు!

అమ్మలారా, నాన్నలారా, మేనత్తలారా, పిన్నులారా, హాస్టల్ వార్డెన్లారా, రీల్స్ తీసేవాళ్లారా, చూసేవాళ్లారా!

మన ఇళ్లలో, మన హాస్టళ్లలో అన్నం ముద్దని చూసి భయపడుతున్న పిల్లలున్నారు. కొందరు తిండి మానేస్తున్నారు. కొందరు ఆపుకోలేనంత తిని, తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని తలుపేసుకుంటున్నారు. అనొరెక్సియా, బులీమియా అని డాక్టర్లు పిలిచే ఈ జబ్బుల్ని మనం మొండితనమనీ, సినిమా పిచ్చనీ కొట్టిపారేస్తున్నాం. ఇవి ప్రాణం తీస్తాయి. 2025 మార్చిలో కేరళలో ఒక కాలేజీ అమ్మాయి ఇలాగే తిండి మానేసి చనిపోయింది. ఆన్‌లైన్‌లో చూసిన డైట్ పాటించిందని పత్రికలన్నీ రాశాయి. ఒళ్లు చూసి ఈ జబ్బుని పట్టలేం. బరువు మామూలుగానే ఉన్న మనిషికి కూడా పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. మగపిల్లలకూ వస్తుంది. వాళ్లు చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుపడతారు.

ఈ కరపత్రం ముఖ్యంగా కోలుకుంటున్నవాళ్ల కోసం. వైద్యం మొదలై, మళ్లీ తినడం నేర్చుకుంటున్న పిల్లని ఫోనూ చుట్టాలూ కలిసి వెనక్కి లాగుతున్నారు కాబట్టి.

ముందుగా ఆకలి మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోండి. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల తిండిని దాదాపు ఆర్నెల్లపాటు సుమారు సగానికి తగ్గించాడు. యుద్ధంలో ఆకలికి మాడినవాళ్లని మళ్లీ ఎలా నిలబెట్టాలో తెలుసుకోవడానికి చేసిన పరీక్ష అది. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లే వాళ్లంతా. సన్నబడాలన్న కోరిక వాళ్లకి లేదు. అయినా రోజులు గడిచేకొద్దీ తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు. కొద్దిపాటి భోజనాన్ని చాలాసేపు సాగదీసి తిన్నారు. చిరాకుపడ్డారు, కుంగిపోయారు, నలుగురిలోకి రావడం మానేశారు. మళ్లీ కడుపునిండా పెట్టాక కూడా కొందరికి నెలల తరబడి ఎంత తిన్నా ఆకలి తీరలేదు.

అందుకే, కోలుకుంటున్న పిల్ల మూడోసారి అన్నం పెట్టించుకుంటే నోరెళ్లబెట్టకండి. ఒళ్లు తన పాత బాకీ వసూలు చేసుకుంటోంది. వసూలు కానివ్వండి.

కోలుకునేటప్పుడు సాధారణంగా డాక్టర్లు చెప్పే తిండి పద్ధతి ఇది. రోజుకి మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, ఆకలైనా కాకపోయినా వేళకి తినడం, పూటకీ పూటకీ మధ్య ఎక్కువ ఎడం లేకుండా చూసుకోవడం. ఏ పదార్థం మీదా నిషేధం ఉండదు. ఏది చూస్తే భయమో దాన్నే నెమ్మదిగా, తోడుతో కూర్చుని తినాలి. నెయ్యేసిన ఆవకాయన్నం, పూరీ, అరిసె, బిర్యానీ ఆ పిల్లకి మందు. మీరు ఎంతో మెచ్చుకునే కీరా ముక్కల గిన్నె ఆమె విషయంలో జబ్బు తిరగబెట్టిందనడానికి గుర్తు కావచ్చు. ఊరందరికీ మంచిదని చెప్పే సలహా ఈ పిల్లకి విషమవుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు, మిగతావన్నీ అర్థమవుతాయి. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి: బాగా చిక్కి శల్యమైనవాళ్లకి ప్రేమకొద్దీ ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వాళ్లకి తిండి పెంచడం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి.

ఇక ఫోన్ సంగతి. డైట్ రీల్ దగ్గర వేలు ఒక్క క్షణం ఆగితే చాలు, అలాంటివే ఇంకో పది వచ్చిపడతాయి. భయపడేవాళ్లే ఎక్కువసేపు ఆగుతారు కాబట్టి వాళ్లకే ఎక్కువ వస్తాయి. 2021లో ఫేస్‌బుక్ సంస్థ లోపలి పత్రాలు బయటపడ్డాయి. తమ ఒంటి మీద తమకే అయిష్టంగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధని ఇంకా పెంచిందని 32 శాతం టీనేజీ అమ్మాయిలు చెప్పినట్టు ఆ సంస్థ పరిశోధకులే రాసుకున్నారు. ‘రోజంతా నేనేం తిన్నానంటే’ అనే వీడియో ఎవరికీ ఏ హానీ చెయ్యదనిపిస్తుంది. కోలుకుంటున్న పిల్ల మాత్రం ఆ కంచాన్ని తన కంచం పక్కన పెట్టుకుని కొలుస్తుంది. ‘నేను కోలుకున్నాను చూడండి’ అనే వీడియోలతోనూ ఇదే చిక్కు. పాత బక్క ఫోటో, కొత్త ఫోటో, కింద కామెంట్లలో ‘ఇంతేనా?’ అని ఒకరు, ‘అమ్మో, ఇంతా?’ అని ఇంకొకరు. రెండు మాటలూ గుండెకోతే.

రీల్స్ తీసే మిత్రులారా, బరువు అంకెలు, కేలరీ లెక్కలు, ముందూ తర్వాతా ఫోటోలు పెట్టకండి. అవి లేకుండానే మీ ధైర్యం చెప్పగలరు.

చెల్లీ, తమ్ముడూ, ఇది నీకు. తినేటప్పుడు ఫోన్ పక్కగదిలో పెట్టు. కేలరీలు లెక్కపెట్టే యాప్ తీసెయ్. డైట్ వీడియో వస్తే ఇలాంటివి వద్దని నొక్కు. ఇన్‌స్టాగ్రామ్‌లో సిఫారసులన్నీ చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టే వీలు కూడా ఉంది, ఈరోజే చెయ్. నీ కంచంలో ఏముండాలో నువ్వూ, నీ డాక్టరూ, నీకు తోడు కూర్చునే మనిషీ తేల్చుకోండి. నాలుగో మనిషికి జవాబు చెప్పక్కర్లేదు.

పెద్దలారా, పెళ్లిలో కనిపించగానే ‘ఒళ్లు చేశావే’ అనకండి. ‘చిక్కిపోయావే’ అనీ అనకండి. ‘ఇప్పుడు కళగా ఉన్నావు’ అని మీరు మనసారా అన్నా, ఆ పిల్లకి ‘లావయ్యావు’ అనే వినిపిస్తుంది. చదువు గురించి అడగండి, సినిమా గురించి అడగండి, కట్టుకున్న చీర గురించి అడగండి. కార్తీక సోమవారాలు, శనివారాలు వస్తే ఈ జబ్బు ఉపవాసం చాటున దాక్కుంటుంది, జాగ్రత్త. రంజాన్ నెల ఉపవాసం, అంటే రోజా నుంచి కూడా రోగులకి మినహాయింపు ఉంది. పిల్లలకీ రోగులకీ ఉపవాసం పట్టింపు లేదని మన అమ్మమ్మలే చెప్పేవారు. ఆ మాట ఇప్పుడు మీరు చెప్పాలి.

వార్డెన్లారా, నలుగురి ముందూ బరువు చూడకండి. భోజనాల మధ్య మెస్‌లో అరటిపండు, పల్లీపట్టీ, పాలు దొరికేలా చూడండి. పిల్ల వరుసగా భోజనానికి రాకపోతే తిట్టకుండా పక్కన కూర్చుని అడగండి.

కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే టెలీమానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా సంస్థలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. కాదంటే ఆ చట్టం పేరు చెప్పి నిలదీయండి.

ఈ కాగితాన్ని మీ మెస్ తలుపుకి అంటించండి. మీ వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఈ ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఫోన్లు ఒక బుట్టలో పడేసి, ఎవరి కంచం గురించీ ఎవరూ ఒక్క మాట అనకుండా భోంచేయండి. వచ్చే ఆదివారం కూడా!