గుర్రాల వర్తకుడు చెప్పిన లెక్క

కనిగిరిలో రాయలవారిమీద ఉపన్యాసమంటే రత్నాలు రాశులు పోసి అమ్మిన ముచ్చట వినక తప్పదు. ఆధారమేదయ్యా అంటే పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అంటారు. బజారులో రత్నాలు అమ్మేవారని పేస్ వ్రాసినమాట నిజమే. కాని అదే వ్రాతప్రతిలో ఫెర్నావో న్యూనిజ్ వ్రాత కూడా ఉన్నదే! గామా తెరిచిన సముద్రమార్గాన వచ్చినవాళ్ళే ఇద్దరూ. పారిస్‌లో ఉన్న ఆ ప్రతిని 1897లో లోపెష్ అచ్చువేశాడు. 1900లో సీవెల్ ఇంగ్లీషు చేశాడు. దాన్ని సగమే చదవమని మన పండితులకు ఎవరు చెప్పారు?

భూమంతా రాజుది, అనుభవం నాయకులది, రైతుకు సెంటు భూమి లేదు, పదింట తొమ్మిదిపాళ్ళు దొరకే కట్టాలి అన్నాడు న్యూనిజ్. అతనేమీ పేదల పక్షపాతి కాడు, గుర్రాల వర్తకుడు. రాజు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని లెక్క చెప్పినవాడు. ఆ సొమ్ము ఎవరి కళ్ళంలోంచి వస్తున్నదో అతనికి తెలియదా?

తొమ్మిదిపాళ్ళు అతిశయోక్తి అంటారా? అనండి, శాసనాలు తీసి వాదించండి, నేను వింటాను. పేజీ తిప్పేసి పోతే మాత్రం ఒప్పుకోను. ఉదయగిరిమీదికి 34,000 కాల్బలమూ 800 ఏనుగులూ కదిలాయన్నదీ ఈ న్యూనిజే. ఉదయగిరి మాకు దగ్గర. ఆ అంకె మా వక్తలందరికీ కంఠస్థం.